దారి చూపే స్తంభం అబద్ధమాడుతుందా?



నాలుగు రోడ్లు కలిసేచోట ఒక స్తంభం ఉందనుకోండి. దానికి నాలుగు చెక్క చేతులు. ఒక్కొక్క చేతి మీద ఒక్కొక్క ఊరి పేరు. ఒక రాత్రి ఎవరో వచ్చి, ఎవరూ చూడకుండా ఆ స్తంభాన్ని ఒక పావువంతు తిప్పి వెళ్ళిపోయాడు. తెల్లవారుజామున వచ్చిన బాటసారి ఆ చెయ్యి చూపించిన వైపే నడిచాడు. చేరవలసిన ఊరు చేరలేదు. ఇప్పుడు చెప్పండి, ఇక్కడ అబద్ధమాడింది ఎవరు? తిప్పినవాడు నోరు తెరవలేదు. చెక్కకు మనసు లేదు. బోర్డు మీద ఒక్క అక్షరం కూడా మారలేదు. ఇది ఎనిమిదవ ఆజ్ఞ కింద పాపసంకీర్తనంలో చెప్పుకోవలసిన విషయమా, లేక పెద్దలు చెవి మెలిపెట్టి వదిలేసే ఆకతాయి పనా?

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో రాత్రి భోజనాల తరువాత మాకు ఇలాంటి ప్రశ్నలతోనే కాలక్షేపం. అయితే ఈ ప్రశ్న ఒకానొక సంవత్సరంలో ఒక దేశం మొత్తానికి ప్రాణసంకటంగా ఎదురైంది. ఆ సంగతికి వస్తాను. అంతకుముందు ఈ దారిగుర్తులు ఎలా పుట్టాయో, ఎలా మారుతూ వచ్చాయో కొంచెం చూద్దాం. అది తెలిస్తేనే తిప్పినవాడు చేసిన పని బరువెంతో తెలుస్తుంది.

పునీత అగుస్తీను క్రైస్తవ బోధన గురించి రాసిన గ్రంథం రెండవ భాగంలో గుర్తులను రెండు రకాలుగా విడదీస్తారు. పొగ కనిపిస్తే నిప్పు ఉందని తెలుస్తుంది. అడుగుజాడ కనిపిస్తే ఏదో జంతువు ఇటు పోయిందని తెలుస్తుంది. కాని పొగకు గాని అడుగుజాడకు గాని మనకు ఏదో చెప్పాలనే కోరిక లేదు. ఇవి ప్రకృతి గుర్తులు. ఒక మనిషి తన మనసులో ఉన్నది మరొక మనసుకు అందించాలని కావాలని చేసేవి రెండో రకం. మాటలన్నీ ఈ రకంలోకే వస్తాయి. పొలం గట్టున పదిమంది నడిచి నడిచి పడిన కాలిబాట మొదటి రకం. ఆ బాట రెండుగా చీలేచోట ఎవరో ఆగి, నాలుగు రాళ్ళు ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి పెడితే అది రెండో రకం. ఆ రాళ్ళు పేర్చినవాడికి తన దారి తెలుసు. అవి తన కోసం పేర్చుకోలేదు. వెనక రాబోయే ఎవరి కోసమో పేర్చాడు. అంటే ఆ కుప్ప ఒక మాట అన్నమాట. చెప్పినవాడు అక్కడ లేని మాట.

పవిత్ర గ్రంథంలో యెహెజ్కేలు 21వ అధ్యాయంలో బబులోను రాజు రెండు దారులు చీలేచోట నిలబడి ఎటు పోవాలో సోదె అడుగుతాడు. దానికి ముందు ప్రవక్తను దేవుడు ఆ దారి మొదట్లో ఒక గుర్తు పెట్టమంటాడు. యిర్మీయా 31వ అధ్యాయంలో, చెరకు పోతున్న ప్రజలు తిరిగి రావడానికి వీలుగా దారిగుర్తులు నిలుపుకోవాలన్న మాట ఉంది. ఆ కాలానికే ఈ అలవాటు పాతదని దీన్నిబట్టి తెలుస్తుంది.

రోమన్లు వచ్చేసరికి ఇది ప్రభుత్వపు పని అయింది. క్రీస్తుపూర్వం 312లో మొదలైన అప్పియా రోడ్డు తరువాత వాళ్ళు సామ్రాజ్యమంతా రోడ్లు వేశారు. వెయ్యి జంట అడుగులకు ఒక మైలు, ఆ మైలుకు మనిషెత్తు రాతిస్తంభం. క్రీస్తుపూర్వం 20లో అగస్టస్ చక్రవర్తి రోము నగరం నడిబొడ్డున బంగారు మైలురాయి నిలబెట్టించాడు. ఆ రాళ్ళ మీద దూరం ఒక అంకెలో ఉండేది. చక్రవర్తి పేరు, బిరుదులు మాత్రం చాలా వరుసలు ఆక్రమించేవి. మన ఊళ్ళో రెండు గజాల కల్వర్టుకు నాలుగు గజాల శిలాఫలకం చూసినప్పుడల్లా నాకు ఆ రోమన్లే గుర్తుకొస్తారు.

నేను చెప్పదలచుకున్న కథ మాత్రం ఇంగ్లండు దేశపు చెక్క చేతులది. అక్కడ చిప్పింగ్ క్యాంప్‌డెన్ అనే ఊరి దగ్గర కూడలిలో 1669 అని సంవత్సరం, ఎన్.ఐ. అని రెండు అక్షరాలు వేసిన దారిస్తంభం ఒకటి ఉంది. నాలుగు చేతులు నాలుగు పట్టణాల వైపు చూపిస్తాయి: ఆక్స్‌ఫర్డ్, వారిక్, వూస్టర్, గ్లోస్టర్. ఆ పట్టణాల మధ్య పొద్దుపోయాక, మంచులో, మనిషి సంచారం లేని గుట్టల మీద గుర్రం మీద పోయేవాడికి ఆ చెయ్యి ఎంత ధైర్యమో ఊహించండి. 1697లో అక్కడి పార్లమెంటు ఒక చట్టం చేసి, కూడళ్ళలో ఇలాంటి గుర్తులు పెట్టించమని రోడ్ల అధికారులను ఆదేశించే అధికారం జిల్లా న్యాయాధికారులకు ఇచ్చింది. 1773లో సుంకం వసూలు చేసే రోడ్ల యాజమాన్యాలకు మైలురాళ్ళు, దారిస్తంభాలు తప్పనిసరి చేశారు. చివరన వేలు చాపిన చెయ్యి చెక్కడం వల్ల వీటికి వేలుస్తంభాలు అని పేరు వచ్చింది.

ఇక్కడ మా గురువుల మీద ఒక చమత్కారం కూడా ఉంది, దాచను. 18వ శతాబ్దం చివర్లో ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన వాడుకలోని మోటు మాటలన్నీ కూర్చి ఒక నిఘంటువు వేశాడు. అందులో వేలుస్తంభం అనే మాటకు మతబోధకుడు అని అర్థం ఇచ్చాడు. ఎందుకయ్యా అంటే, తాను ఎన్నడూ పోని, పోబోని దారిని ఇతరులకు చూపిస్తూ నిలబడతాడు గనుకనట! నవ్వుకోండి. కాని స్తంభం చూపించిన దారి సరైనదే అయితే, అది నడవకపోయినా బాటసారి ఊరు చేరతాడు. ఈ మాట నా సమర్థన కోసం అనడం లేదు. స్తంభానికి ఉండవలసిన గుణం ఒక్కటే, నిజం చూపించడం, అని చెప్పడానికి అంటున్నాను.

స్తంభాలు రాకముందు దారి ఎలా తెలిసేది? మనిషిని అడిగేవాళ్ళు. ఇప్పటికీ మన పల్లెల్లో అంతే గదా. "అయ్యా, ఫలానా ఊరికి ఎటు పోవాలి?" అని అడగగానే మనవాళ్ళు ముందు మనిషిని ఎగాదిగా చూస్తారు. "ఎవరింటికి? మీదే ఊరు?" అని రెండు ప్రశ్నలు వేస్తారు. ఆ తరువాతే చెయ్యెత్తుతారు. అప్పులవాడు వచ్చాడని అనుమానం వస్తే తెలియదంటారు. చుట్టమని తెలిస్తే చెరువుగట్టు దాకా వెంట వచ్చి దిగబెడతారు. అంటే మనిషి తన మాట ఎవరికి ఇవ్వాలో ఎంచుకుంటాడు. స్తంభానికి ఆ వీలు లేదు. దొంగ వచ్చినా, దొర వచ్చినా, మంత్రసాని వచ్చినా, మంటపెట్టేవాడు వచ్చినా దాని చెయ్యి ఒక్కవైపే చూపిస్తుంది. చదివేవాణ్ణి ఎంచుకోలేకపోవడమే దారిబోర్డు స్వభావం. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

మోటారు బండ్లు వచ్చాక ఈ గుర్తుల పని పెరిగింది. నడిచేవాడు ఆగి చదువుకుంటాడు, బండివాడు ఆగడు. 1909లో పారిస్‌లో కొన్ని దేశాలు కలిసి నాలుగే నాలుగు హెచ్చరిక గుర్తులకు ఒప్పుకున్నాయి: ఎత్తుపల్లం, మలుపు, కూడలి, రైలు గేటు. మాటలు లేకుండా బొమ్మలతో చెప్పే పద్ధతి అలా దేశాల సరిహద్దులు దాటింది. తరువాత ఇంగ్లండులో జాక్ కిన్నియర్ అనే ఆయన, ఆయన శిష్యురాలు మార్గరెట్ కాల్వర్ట్ అనే ఆమె కలిసి 1950ల చివరి నుంచి ఆ దేశపు రోడ్డుబోర్డులన్నిటినీ కొత్తగా రూపొందించారు. అవి 1965 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాళ్ళ పనితీరు నాకు చాలా నచ్చుతుంది. వేగంగా పోతున్నవాడికి బోర్డు మీద నిజంగా ఏం కావాలి అన్న ప్రశ్నతో కిన్నియర్ మొదలుపెట్టాడు. నమూనా బోర్డులను లండన్‌లోని హైడ్ పార్కులో చెట్లకు ఆనించి నిలబెట్టి, దూరం జరిగి జరిగి చదివి చూశారు. ఏ అక్షరం మసకబారుతోంది, ఏ రెండు అక్షరాలు ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయి అని పరీక్షించారు. బడిపిల్లల హెచ్చరిక బోర్డు మీద అంతకుముందు టోపీ పెట్టుకున్న ఒక అబ్బాయి చిన్న అమ్మాయిని నడిపించుకు పోతున్నట్టు ఉండేది. గొప్పింటి బడికి పోయే పిల్లల్లా ఉన్నారని కాల్వర్ట్ దాన్ని మార్చింది. తన చిన్ననాటి ఫోటో ఆధారంగా, ఒక అమ్మాయి తన కంటే చిన్నవాడి చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టు గీసింది. ఎన్నడూ చూడబోని డ్రైవరు, ఎన్నడూ చూడబోని పిల్లవాణ్ణి గుద్దకుండా ఉండాలని ఇంత శ్రద్ధ. పొరుగువాడంటే ఎవరు అన్న ప్రశ్న మనం ప్రసంగాల్లో చాలాసార్లు వింటాం. ముఖం కనపడని పొరుగువాడి కోసం అక్షరాల మధ్య ఎడం కొలిచినవాళ్ళూ ఉన్నారు.

ఇక అసలు కథ. 1940 మే నెలాఖరు. జర్మనీ సైన్యాలు ఫ్రాన్సులో సముద్రం ఒడ్డు దాకా వచ్చేశాయి. ఇంగ్లండు సైనికులు డంకర్క్ రేవు నుంచి పడవల్లో తప్పించుకు వస్తున్నారు. ఇవాళో రేపో శత్రువు విమానాల నుంచి గొడుగులతో మన పొలాల్లో దిగుతాడని అక్కడి ప్రజలంతా నమ్మారు. అప్పుడు ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చింది: దారిస్తంభాలన్నీ పీకెయ్యండి. వందల ఏళ్ళుగా నిలబడిన చెక్క చేతులు ఊడబెరికారు. మైలురాళ్ళను పెకలించారు, కొన్నిటిని అక్కడే గొయ్యి తీసి పాతిపెట్టారు. రైలు స్టేషన్ల పేర్లు తీసేశారు. దుకాణాల మీద, చర్చిల ముందు బోర్డుల మీద ఊరి పేరు ఉంటే రంగు పూసి కప్పారు. శత్రువుకు ఏమీ చెప్పవద్దని, పటాలు ఇవ్వవద్దని ఇంటింటికీ కరపత్రాలు పంచారు.

శత్రువు రానేలేదు. దారి తప్పింది మాత్రం సొంత ప్రజలే. ఊరికి కొత్తగా వచ్చిన డాక్టరు, సరుకులు తెచ్చే లారీవాడు, సెలవు మీద ఇంటికి వస్తున్న సైనికుడు, అందరూ మూగ కూడళ్ళలో నిలబడిపోయారు. దారి అడిగినవాణ్ణి గూఢచారి అని అనుమానించే రోజులు. యుద్ధం చివరి సంవత్సరాల్లో గాని స్తంభాలు మళ్ళీ లేవలేదు. పాతిపెట్టిన రాళ్ళలో కొన్ని ఎక్కడ పాతారో మరిచిపోయారు కూడా.

ఆ ప్రభుత్వం చేసింది తప్పా? నేను తప్పనను. ఎందుకో చెప్పడానికి పునీత తోమాసు అక్వీనాసు దగ్గరకు వెళ్ళాలి. యుద్ధంలో పొంచి ఉండి దాడి చెయ్యడం న్యాయమా అని ఆయన తన సుమ్మా గ్రంథంలో, యుద్ధాన్ని గురించిన 40వ ప్రశ్నలో అడుగుతారు. యెహోషువ హాయి పట్టణం మీద అలా దాడి చేశాడు గదా. అక్వీనాసుగారి జవాబు సూటిగా ఉంటుంది. శత్రువును రెండు విధాలుగా మోసపుచ్చవచ్చు. ఒకటి, వాడికి అబద్ధం చెప్పడం, లేదా ఇచ్చిన మాట తప్పడం. ఇది శత్రువు విషయంలో కూడా తగదు. రెండోది, మన ఉద్దేశం వాడికి చెప్పకపోవడం, ఇది తగును. మనకు తెలిసినదంతా ప్రతివాడికీ చెప్పవలసిన బాధ్యత మనకు లేదు. స్తంభాన్ని పీకడం ఈ రెండో దానిలోకి వస్తుంది. పీకేసిన స్తంభం చెప్పేది ఒక్కటే: చెప్పను.

చెప్పను అనడానికీ అబద్ధం చెప్పడానికీ మధ్య ఎంత దూరముందో అగుస్తీనుగారు ఒక కథ చెప్పి చూపించారు. ఆయన పుట్టిన ఊరు తగాస్తేలోనే ఫిర్ముసు అనే ఒక పీఠాధిపతి ఉండేవారట. తనను శరణుజొచ్చిన ఒక మనిషిని ఆయన దాచారు. చక్రవర్తి భటులు వచ్చి ఎక్కడున్నాడని అడిగారు. ఇక్కడ లేడు అంటే సరిపోయేది. ఆయన ఆ మాట అనలేదు. అబద్ధమూ ఆడను, పట్టీ ఇవ్వను అన్నారు. చిత్రహింసలు పెట్టారు, చెప్పలేదు. చివరికి చక్రవర్తి దగ్గరకు తీసుకుపోతే, ఆయన ఆ స్థైర్యానికి ఆశ్చర్యపడి దాక్కున్నవాణ్ణి క్షమించాడు. అందరి కథలూ ఇలా మంచిగా ముగియవని నాకు తెలుసు. ఇంటి తలుపు దగ్గర కత్తి పట్టుకుని నిలబడ్డవాడికి కూడా అబద్ధం చెప్పరాదని 1797లో కాంటు అనే జర్మనీ తత్వవేత్త రాసినప్పుడు చాలామంది ముఖం చిట్లించారు. నేనూ చిట్లించినవాళ్ళలో ఒకణ్ణి.

ఇప్పుడు పీకడం కాక తిప్పడం సంగతి చూద్దాం. 1968 ఆగస్టు 20 రాత్రి సోవియట్ యూనియన్, దాని మిత్రదేశాల సైన్యాలు చెకొస్లొవేకియాలోకి ప్రవేశించాయి. ఆ దేశపు ప్రజల దగ్గర తుపాకులు లేవు. రేడియో పిలుపు విని వాళ్ళు వీధుల పేర్లు, ఇంటి నెంబర్లు, దారిబోర్డులు పీకేశారు, రంగు పూశారు. కొన్నిచోట్ల బాణాలను వేరే దిక్కుకు తిప్పారు. కొన్నిచోట్ల మాస్కో వైపు చూపించే బోర్డు ఒక్కటే ఉంచారు: వచ్చిన దారినే పొండి అని. చాలా చిన్న ఊళ్ళు తమ పేరు బోర్డు మీద దూబ్‌చెక్ అని తమ నాయకుడి పేరు రాసుకున్నాయి.

ఈ పనులన్నీ ఒకే గాటన కట్టలేం. పీకడం, రంగు పూయడం ఫిర్ముసుగారి మౌనం. మాస్కో బోర్డు నూటికి నూరుపాళ్ళు నిజం. ఊరి తరువాత ఊరు, ఒక్కొక్కటీ దూబ్‌చెక్ అని చెప్పుకుంటుంటే రెండో ఊరికే సైనికుడికి సంగతి అర్థమవుతుంది. అక్కడ మోసపోయేవాడు లేడు. అది బహిరంగ ధిక్కారం. ఇక మిగిలింది తిప్పిన బాణం.

దాన్ని సమర్థించేవాళ్ళ వాదం తక్కువదేమీ కాదు. హ్యూగో గ్రోషియస్ అనే డచ్చి న్యాయవేత్త 1625లో వేసిన యుద్ధశాంతి ధర్మాల గ్రంథంలో, వినేవాడికి నిజం పొందే హక్కు ఉన్నప్పుడే దాన్ని వక్రీకరించడం అన్యాయమవుతుందన్న ధోరణిలో వాదించాడు. ట్యాంకు వేసుకుని మన ఊరి మీదకు వచ్చినవాడికి మన ఊరి దారి తెలుసుకునే హక్కెక్కడిది? సరే, ఒప్పుకుందాం. వాడికి హక్కు లేదు. కాని బాణం చదివేది వాడొక్కడేనా? అదే రాత్రి పక్క జిల్లా నుంచి నొప్పులు పడుతున్న భార్యను తీసుకువస్తున్న రైతు కూడా అదే బాణం చదువుతాడు. అతడికి హక్కు ఉంది. సైనికుడికి ఒక బాణం, రైతుకు ఒక బాణం చూపించడం స్తంభం వల్ల కాదు. శత్రువుతో నోటితో అబద్ధమాడినవాడు ఆ శత్రువు ఒక్కడితోనే ఆడాడు. బోర్డు తిప్పినవాడు ఆ దారిన రాబోయే ప్రతి ఒక్కరితోనూ ఆడాడు, తనకు పేరు కూడా తెలియని వాళ్ళతో.

రేడియోలో చెప్పారు గదా, స్థానికులందరికీ తెలుసు గదా అని మీరు అడగవచ్చు. ఇది గట్టి అభ్యంతరమే. బోర్డులు నమ్మవద్దని అందరికీ ముందే తెలిస్తే అవి బోర్డులుగా ఉండడం మానేసినట్టే. మాట చచ్చిపోయాక అబద్ధం ఎక్కడిది? రేడియో విన్నవాళ్ళ విషయంలో ఈ వాదానికి నేను లొంగుతాను. విననివాళ్ళు, విన్నా ఆ గుర్తు తిప్పినదో తిప్పనిదో తేల్చుకోలేనివాళ్ళు మిగులుతారు. పీకడానికి చేతులు ఉన్నప్పుడు తిప్పడం దేనికి అన్నదే నా ప్రశ్న. పీకినచోట రైతు ఆగి తలుపు తడతాడు. తిప్పినచోట ఆగడు, అదే ప్రమాదం.

ఫలితం మంచిదైతే తిప్పడం కూడా మంచిదే గదా అనేవాళ్ళకు మళ్ళీ అగుస్తీనుగారే జవాబు. ఇది ఆయనకు జరిగినదే. విశ్వాసం, నిరీక్షణ, ప్రేమల గురించి ఆయన రాసిన చిన్న గ్రంథంలో చెబుతారు. ఒకసారి ప్రయాణంలో రెండు దారులు కలిసేచోట పొరపాటున వేరే దారి పట్టారు. సరైన దారిలో దొనాతు వర్గంవాళ్ళు ఆయుధాలతో పొంచి ఉన్నారు. ఆ సంగతి తరువాత తెలిసింది. దారి తప్పడం వల్ల ప్రాణం దక్కింది. ఆయన దేవునికి కృతజ్ఞతలు చెప్పుకున్నారు. అయినా అంతటితో దారి తప్పడం మంచి పని అని సూత్రం కట్టలేదు. ఒక్కొక్కప్పుడు పొరపాటు వల్ల మేలు కలుగుతుంది, పొరపాటు మాత్రం పొరపాటే అన్నారు. తన ప్రాణం కాపాడిన పొరపాటును గురించి అంత నిక్కచ్చిగా మాట్లాడగలిగినవాళ్ళు ఎంతమంది?

ఈ విషయంలో నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసింది యూదుల దారిబోర్డు. సంఖ్యాకాండము 35, ద్వితీయోపదేశకాండము 19 అధ్యాయాల్లో ఆశ్రయపురాల సంగతి ఉంది. అనుకోకుండా ఒకరి చావుకు కారణమైనవాడు, చెట్టు నరుకుతుంటే గొడ్డలి ఊడి పక్కవాడికి తగిలి చనిపోయాడనుకోండి, ప్రతీకారం తీర్చుకోవాలని వచ్చే బంధువు నుంచి తప్పించుకుని ఆ పట్టణాలకు పారిపోవచ్చు. హెబ్రోను, షెకెము వాటిలోవి. మొత్తం ఆరు. ఆ పట్టణాలకు దారి సిద్ధం చెయ్యాలని ధర్మశాస్త్రం ఆజ్ఞ. దాన్ని ఎలా పాటించాలో తాల్మూదులో పండితులు చర్చించారు. మామూలు రాజమార్గం పదహారు మూరలైతే ఆశ్రయపురానికి పోయే దారి ముప్పై రెండు మూరలుండాలన్నారు. ప్రతి చీలిక దగ్గర మిక్లాత్, అంటే ఆశ్రయం, అని రాసి ఉండేదని మక్కోత్ అనే భాగంలో ఉంది. పరిగెత్తేవాడు ఆగి అడిగే స్థితిలో ఉండడు. అడిగితే నువ్వెవరు, ఎందుకు పోతున్నావు అంటారు. అందుకని బోర్డు.

ఆలోచించండి. ఆ బోర్డును వెంబడించేవాడు కూడా చదవగలడు. తాను వెతుకుతున్నవాడు ఎటు పరిగెత్తాడో వాడికి ఆ ఒక్క మాట చెప్పేస్తుంది. ఈ సంగతి ఆ పండితులకు తట్టకపోదు. అయినా బోర్డు పెట్టాలన్నారు, తీసెయ్యమనలేదు. వెంబడించేవాడికి కూడా తెలిసిపోతుందని దారి దాచితే, మొదట నష్టపోయేది గుండెలు పగిలేలా పరిగెత్తుతున్నవాడే గదా. 1940లో ఇంగ్లండు లెక్క ఒకటి, వీళ్ళ లెక్క ఒకటి. రెండూ నాకు అర్థమవుతాయి. రెండింటిలోనూ ఎవరూ చెయ్యి తిప్పమనలేదు.

చెకొస్లొవేకియాలో బోర్డులు ఊడిన ఆ 1968లోనే, నవంబరు 8న, పక్కనున్న వియన్నా నగరంలో రోడ్డుగుర్తుల అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. మన దేశం 1980లో అందులో చేరింది. అందులో నాలుగవ అధికరణం మన వీధులకు బాగా వర్తిస్తుంది. రోడ్డుగుర్తుకు గాని, దాని స్తంభానికి గాని సంబంధం లేనిదేదీ అంటించరాదని, రోడ్డుగుర్తు అని పొరబడేలాంటిదేదీ పక్కన పెట్టరాదని అది నిషేధిస్తుంది. మీ ఊరి బైపాసు దగ్గర బోర్డు ఒకసారి చూసి రండి. సినిమా పోస్టరు, ఎన్నికల గుర్తు, ట్యూషన్ల ప్రకటన, వాటి వెనక ఎక్కడో ఊరి పేరులో సగం. అంటించిన కుర్రాడికి ఎవరి మీదా కక్ష లేదు. మైదాపిండి జిగురు ఉంది, ఖాళీ చోటు కనిపించింది, అంతే. కాని రాత్రి పదకొండు గంటలకు 108 అంబులెన్సు డ్రైవరుకు అది 1940 నాటి మూగ కూడలే.

ఇప్పుడందరికీ ఫోనే దారి చూపిస్తోంది, ఈ బోర్డుల గొడవ దేనికి అంటారా? ఫోనుకు ఆధారమైన ఉపగ్రహ వ్యవస్థ అమెరికా సైన్యం కట్టుకున్నది. 2000వ సంవత్సరం మే మొదటి వరకు ఆ దేశం తన సైనికులకు కచ్చితమైన సంకేతం ఇచ్చి, మిగతా ప్రపంచానికి కావాలని దాదాపు వంద మీటర్ల తేడా వచ్చేలా చెడగొట్టిన సంకేతం ఇచ్చేది. చదివేవాణ్ణి ఎంచుకోగల స్తంభం మానవచరిత్రలో అలా తయారైంది. చెడగొడుతున్నామని బాహాటంగా చెప్పారు గనుక దాన్ని అబద్ధం అననుగాని, ఆ స్తంభం చెయ్యి ఎవరి గుప్పిట్లో ఉందో అప్పుడు తెలిసింది. ఇవాళ నా ఫోనులో కనిపించే దారి మీ ఫోనులో కనిపించే దారి కానక్కరలేదు. నాకు తప్పు చూపిస్తే పక్కవాడికి తెలియదు, అతడు సరిదిద్దలేడు. కూడలిలోని బోర్డు తప్పయితే ఊరంతా చూస్తుంది, ఎవడో ఒకడు నిచ్చెన తెస్తాడు.

నిచ్చెన అంటే గుర్తొచ్చింది. మన విచారణల్లో పునీతుల పండుగలకు, పెండ్లిండ్లకు మెయిన్ రోడ్డు నుంచి గుడి దాకా బాణం గుర్తుల అట్టలు కడతాం. వచ్చే చుట్టాలకు అది మంచి ఉపకారమే. పండుగ అయిపోతుంది, పందిరి విప్పుతారు, బాణం మాత్రం కరెంటు స్తంభానికి వేలాడుతూ ఉంటుంది. వానకు ఒక వైపు తాడు తెగి, గుడి వైపు చూపించవలసినది కాలవ వైపు చూపిస్తుంటుంది. యువజన సంఘం అబ్బాయిలకు నా విన్నపం: ఈ ఆదివారం పూజ తరువాత ఒక నిచ్చెన, ఒక కత్తి తీసుకుని రోడ్డు మలుపు దాకా వెళ్ళి రండి. కిందటి పండుగ బాణాలు విప్పెయ్యండి. దారిలో ఊరి పేరు బోర్డు మీద పోస్టర్లుంటే, నీళ్ళు చల్లి నానబెడితే తేలిగ్గా వస్తాయి. మన గుడి పండుగ పోస్టరు ఉంటే ముందు దాన్నే పీకండి.